సామాన్యుడు ఎక్కడున్నాడు? 1948 నాటి ఒక మెట్‌పల్లి మనిషి కోసం అన్వేషణ

(మెట్‌పల్లిలో విద్యార్థులు, వారి కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ఈ రోజు మేము మీకు ఒక పని అప్పగించడానికి వచ్చాము. మీరంతా కలిసి ఒక మనిషిని కల్పించాలి. అతడు 1948 సెప్టెంబరులో ఈ మెట్‌పల్లిలో నివసించిన ముస్లిము. నవాబు కాకూడదు, జాగీర్దారు కాకూడదు, ఏ పార్టీకీ నాయకుడై ఉండకూడదు. ఏ చరిత్ర గ్రంథంలోనూ పేరెక్కని సామాన్యుడై ఉండాలి. మనిషి కల్పితుడే. కాని అతని చేతిలోని పనిముట్టు, రొంటిన ఉన్న నాణెం, నడిచిన బాట, చెవిన పడిన వార్త, గుండెలో పుట్టిన భయం, ఇవన్నీ ఆధారం ఉన్నవే కావాలి. ఆధారం దొరకనిదేదీ అతని జీవితంలో ప్రవేశించరాదు. షరతు ఇదొక్కటే.

కల్పించడం ఎందుకు, ఉన్నవారి కథలే రాయవచ్చు కదా అని కొందరు అడగవచ్చు. రాయవచ్చు. అయితే ఆనాడు పదేళ్ళున్న బిడ్డకు ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి. మిగిలిన కొద్దిమందిలో చాలామంది తమ పేరు అచ్చులో రావడానికి ఇష్టపడరు. కొన్ని ఇళ్ళలో ఆ మాట ఎత్తితే పెద్దలు లేచి వెళ్ళిపోతారు. వారి మౌనాన్ని మనం గౌరవించాలి. కల్పిత మనిషి ఒకడుంటే, ఒక నానీ చెప్పిన మాటను ఆమె పేరు బయటపడకుండానే అతని నోట పలికించవచ్చు. నలుగురి జ్ఞాపకాలు ఒకే గడప లోపల చేరతాయి, ఎవరి గుట్టూ రట్టు కాదు.

మరో కారణమూ ఉంది. మనం కల్పించకపోయినా మన మనిషిని ఇతరులు ఎప్పుడో కల్పించి పెట్టారు. ప్రతి సంవత్సరం సెప్టెంబరు 17 వస్తుంది. ఆ రోజుకు ఏ పేరు పెట్టాలన్న దానిపైనే ప్రభుత్వాలకు ఏకాభిప్రాయం లేదు. 2022 నుంచి కేంద్రం దానిని విమోచన దినంగా జరుపుతోంది. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమన్నది. 2024లో తర్వాతి ప్రభుత్వం ప్రజాపాలన దినమన్నది. విలీనమనేవారున్నారు, విద్రోహమనేవారూ ఉన్నారు. వేదికల మీద ఇన్ని పేర్లుండగా మన ఇళ్ళలో ముసలివారు మాత్రం గొంతు తగ్గించి ‘పోలీస్ యాక్షన్’ అనే అంటారు. ఆ వేదికల మీద, 2024లో వచ్చిన ‘రజాకార్’ వంటి సినిమాలలో ముస్లిము కనిపించేది ఎక్కువగా కత్తి పట్టుకొనే. రజాకార్లు దౌర్జన్యాలు చేశారు, అది నిజం. దాని గురించి ఇక్కడ మేము దాచిపెట్టకుండానే మాట్లాడతాము. కాని ఆ నిజం పక్కన నిలబడవలసిన మరొక మనిషి ఆ చిత్రంలో లేడు. అతడు కత్తి పట్టలేదు, రాజ్యం ఏలలేదు. అతణ్ణి వెతికి తెచ్చే బాధ్యత అతని మనుమలదీ, మునిమనుమలదీ.

ముందు అతని వృత్తి నిర్ణయిద్దాం. మా సలహా ఏమిటంటే, అతణ్ణి దూదేకులవాడిగా, అంటే పింజారిగా పెట్టండి. కారణం ఉంది. మెట్‌పల్లి ఖాదీకి పేరుపొందిన ఊరు. ఖాదీ అంటే నూలు వడికే స్త్రీ, బట్ట నేసే పద్మశాలి మన కళ్ళకు కనిపిస్తారు. కాని గింజ తీసిన దూదిని విల్లుతో ఏకి మెత్తగా చేయనిదే ఏకులు తయారు కావు. ఏకులు లేనిదే రాట్నం తిరగదు. భుజాన విల్లు వేసుకొని వీధి వీధి తిరిగి, పరుపులకూ బొంతలకూ దూది ఏకే ఆ మనిషి హిందువుల ఇంటి ముంగిట రోజంతా కూర్చుని పని చేసేవాడు. ఆ అల్లెత్రాటి చప్పుడు వినగానే పిల్లలు గుమిగూడేవారు. అతని ఇంట్లో మాట్లాడే భాష దక్కనీ ఉర్దూనా, తెలుగా? తెలంగాణలోని అనేక దూదేకుల కుటుంబాలలో తెలుగే ఇంటి భాష. రాజ్యభాష ఉర్దూ అయినంత మాత్రాన మన మనిషికి ఉర్దూలో అర్జీ రాయడం వచ్చిందనుకోకండి. అతడు కూడా పక్కింటి పద్మశాలి లాగే, ఎవరిచేతనో అర్జీ రాయించుకొని వేలిముద్ర వేసే మనిషి అయి ఉండవచ్చు.

ఇక్కడ కొంత ఆగి చెప్పవలసిన సంగతి ఉంది. 1941 జనగణన ప్రకారం హైదరాబాద్ సంస్థాన జనాభా ఒక కోటి 63 లక్షలు. అందులో ముస్లిములు దాదాపు 21 లక్షలు. ఈ 21 లక్షల మందిలో జాగీర్దారులు, మన్సబ్‌దారులు, పెద్ద ఉద్యోగులు ఎందరుంటారు? తక్కినవారంతా చేతివృత్తులవారు, రైతుకూలీలు, జవానులు, బండివాళ్ళు, ఫకీర్లు. ఆ కాలంలోనే ఇత్తెహాదుల్ ముస్లిమీన్ ‘అనల్ మాలిక్’ అనే నినాదమిచ్చింది. ప్రతి ముస్లిమూ రాజేనని దాని భావం. ఆలోచించండి. చలికాలం రాకముందే నాలుగు బొంతలకు దూది ఏకి, నాలుగు హాలీ సిక్కాలు సంపాదిస్తే తప్ప పొయ్యి రాజుకోని మనిషికి, నువ్వు రాజువని ఎవరో వచ్చి చెప్పారు. అతని కిరీటం అతనికెన్నడూ కనిపించలేదు. కాని ఆ కిరీటం పేరు చెప్పి తర్వాత వసూలు చేసిన మూల్యం మాత్రం అతడే చెల్లించాడు. దూదేకులవారు నేటికీ వెనుకబడిన తరగతుల ‘బి’ గ్రూపులోనే ఉన్నారు. పాలకుల మతం వేరు, పాలన వేరు అని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఇక కష్టమైన ప్రశ్న. మన మనిషి రజాకార్లలో చేరాడా?

ఈ ప్రశ్నను తప్పించుకొని రాసే కథ వ్యర్థం. రజాకార్ అంటే స్వచ్ఛంద సేవకుడని అర్థం. లాతూరు వకీలు ఖాసిం రజ్వీ నాయకత్వంలో ఆ దళం సంస్థానమంతటా పాకింది. గ్రామాలను దోచింది, తగలబెట్టింది, మనుషులను చంపింది. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండ మాసిపోయేది కాదు. మన పాత కరీంనగర్ జిల్లాలోనే, హుస్నాబాద్ దగ్గర మహమ్మదాపూర్‌లో, 1948 మార్చి 14న అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వారి సహచరులు నిజాం పోలీసుల, రజాకార్ల తుపాకులకు బలయ్యారు. ఈ వార్త మెట్‌పల్లి అంగడి దాకా వచ్చే ఉంటుంది. మన మనిషి దూది ఏకుతూ వినే ఉంటాడు. అతణ్ణి పనికి పిలిచిన ఇంటివారు ఆ రోజు అతని వైపు ఎలా చూశారు? అతడు తల ఎత్తాడా, దించుకున్నాడా? ఈ ఒక్క క్షణాన్ని మీరు నిజాయితీగా రాయగలిగితే సగం పని అయినట్లే.

విద్యార్థులలో కొందరికి అతణ్ణి వీరుణ్ణి చేయాలనిపిస్తుంది. ఆ కోరిక సహజం, ఆ వీరులూ నిజంగానే ఉన్నారు. ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్లను ధిక్కరించి, సంస్థానం భారతదేశంలో చేరాలని రాశాడు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక వారే అతని చేయి నరికి, ప్రాణం తీశారు. జనగామ ప్రాంతంలోని కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను న్యాయస్థానంలో ఎదిరించి 1940లో హత్యకు గురయ్యాడు. ‘మా భూమి’ నాటకం పుట్టింది అతని కథ నుంచే. కవి మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటం వైపు నిలిచాడు. ఈ పేర్లు మన పిల్లలకు కంఠస్థం కావాలి. కాని మన దూదేకుల మనిషి షోయబుల్లా కాదు. అతడు ఇంట్లో పిల్లలున్నవాడు. పట్వారీకీ భయపడ్డాడు, పోలీసుకూ భయపడ్డాడు, ఖాకీ చొక్కా వేసుకొని వచ్చి చందా అడిగిన సొంత మతస్థుడికీ భయపడ్డాడు. చందా ఇచ్చి ఉండవచ్చు. పక్క వీధి కుర్రవాడు దళంలో చేరితే వద్దని చెప్పలేకపోయి ఉండవచ్చు. చెప్పలేకపోవడం హత్య చేయడం కాదు. అయినా అది అతని మనస్సుకు బరువే. ఆ బరువును తుడిచేయకండి. అది తుడిచేస్తే అతడు బొమ్మ అవుతాడు.

ఇప్పుడు ఆ అయిదు రోజులకు వద్దాం. 1948 సెప్టెంబరు 13, సోమవారం. భారత సైన్యాలు షోలాపూర్ వైపు నుంచి, బెజవాడ వైపు నుంచి, మరికొన్ని దిక్కుల నుంచి సంస్థానంలో ప్రవేశించాయి. మొహమ్మద్ అలీ జిన్నా మరణించి అప్పటికి రెండు రోజులే అయింది. 17వ తేదీ శుక్రవారం సాయంత్రం నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రేడియోలో మాట్లాడాడు. యుద్ధం ఆగింది. మర్నాడు జనరల్ ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌధురీకి లొంగిపోయాడు. రాజధాని కథ ఇంతే, అన్ని పుస్తకాలలోనూ ఉంది. మీరు రాయవలసింది మెట్‌పల్లి కథ. ఆ శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజుకు మన మనిషి వెళ్ళేసరికి యుద్ధం ఇంకా ముగియలేదు. మస్జిదులో ఎన్ని వరుసలు నిలిచాయి? ఖుత్బాలో ఏమి చెప్పారు? నిజాం మాట ఊళ్ళో తొలుత విన్నది ఎవరు, ఎవరి ఇంటి రేడియోలో? లేక నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన బండివాడు చెప్పాడా? ఆ వారం అంగడి జరిగిందా? ఇలాంటి చిన్న ప్రశ్నలే పెద్ద తలుపులు తెరుస్తాయి. ‘మీరు చాలా బాధపడ్డారా’ అని అడిగితే వృద్ధులు తల ఊపి ఊరుకుంటారు. ‘ఆ వారం ఇంట్లో ఏం వండారు’ అని అడిగితే గంటసేపు చెబుతారు.

యుద్ధం ముగిసిన తర్వాతే సామాన్యుని యుద్ధం మొదలైంది. ప్రధాని నెహ్రూ కోరిక మేరకు పండిత్ సుందర్‌లాల్, ‘పయామ్’ పత్రికాధిపతి ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 వరకు సంస్థానంలో పర్యటించారు. తొమ్మిది జిల్లాలు తిరిగారు. తాము వెళ్ళలేని మరో 109 గ్రామాల నుంచి వచ్చిన అయిదువందలకు పైగా మనుషులతో మాట్లాడారు. పోలీసు చర్య కాలంలోనూ ఆ తర్వాతనూ 27 వేల నుంచి 40 వేల మంది దాకా ప్రాణాలు కోల్పోయి ఉంటారని, తగ్గించి వేసిన లెక్కగానే వారు రాశారు. మృతులలో అత్యధికులు ముస్లిములు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలలో అన్నిటికంటే ఎక్కువ రక్తం పారింది. ఆ నాలుగింటిలోనే 18 వేల మంది అన్నారు. ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ జిల్లాలలో మరో అయిదు వేలకు తక్కువ కాదన్నారు. కొన్నిచోట్ల సైనికులూ పోలీసులూ అల్లరి మూకలను ఆపకపోగా వారితో చేరారని కూడా రాశారు. ప్రభుత్వం ఆ నివేదికను ప్రచురించలేదు. దశాబ్దాల పాటు అది చీకటిలో ఉన్నది. 2013లో ఏ.జి. నూరానీ తన గ్రంథానికి అనుబంధంగా దానిని అచ్చువేశారు. ఇప్పుడు ఎవరైనా చదవవచ్చు, చదవాలి.

ఆ నివేదికలో మేము మరీ మరీ చదివే భాగం ఒకటుంది. ప్రాణాలకు తెగించి ముస్లిములను కాపాడిన హిందువుల గురించి అందులో రాశారు. ఒకే వృత్తిలో ఉన్నవారి మధ్య ఆ ఆత్మీయత ప్రత్యేకంగా కనిపించిందని, కొన్నిచోట్ల హిందూ నేతగాళ్ళు ముస్లిం నేతగాళ్ళను తమ మతస్థుల నుంచే రక్షించి, అందుకోసం తామే ప్రాణాలు పోగొట్టుకున్నారని నమోదు చేశారు. అపహరణకు గురైన ముస్లిం స్త్రీలను వెతికి తీసుకురావడంలో ఎందరో హిందువులు సాయపడ్డారని కూడా అందులో ఉంది. మగ్గాల మధ్య పెరిగిన సిరిసిల్లవారికి, ఖాదీ నూలుతో బతికిన మెట్‌పల్లివారికి ఈ వాక్యాల విలువ వేరే చెప్పనక్కరలేదు. మన దూదేకుల మనిషికి పద్మశాలితో ఉన్న బంధం మతగ్రంథాలలో లేదు, దూదిలో ఉన్నది. ఒకరు ఏకితే మరొకరు నేశారు. ఆపద వచ్చిన రాత్రి అతడు ఎవరి తలుపు తట్టాడన్నది మీరు వెతకవలసిన విషయాలలో మొదటిది.

జాగ్రత్తగా వినండి. సుందర్‌లాల్ బృందం పేరుపెట్టి లెక్క చెప్పిన ఆ ఎనిమిది జిల్లాలలో మన కరీంనగర్ లేదు. కనుక ఉస్మానాబాద్‌లో జరిగిన ఘోరాన్ని తెచ్చి మెట్‌పల్లి వీధిలో పెట్టడానికి మనకు హక్కు లేదు. అలా చేస్తే వినేవారు మొదట కన్నీరు పెట్టుకుంటారు. ఒక అబద్ధం బయటపడిన నాడు నూరు నిజాలను కూడా నమ్మరు. మనకు అన్యాయం చేయదలచినవారికి మనమే ఆయుధం అందించినట్లవుతుంది. అలాగని లెక్కలో లేని జిల్లాలో భయం లేదని కూడా అనకండి. ఉస్మానాబాద్ వార్త విన్న మెట్‌పల్లి మనిషికి నిద్ర పట్టి ఉంటుందా? దూరాన జరిగిన దానికి ఇక్కడ పుట్టిన భయం కూడా చరిత్రే. దానిని భయంగానే రాయాలి, హత్యగా రాయకూడదు.

నిజమేదో తేల్చుకోవడానికి మనకు ఎవరో వచ్చి పాఠం చెప్పనవసరం లేదు. హదీసు శాస్త్రం మన ఇంటిదే. ఒక మాట ఎవరు చెప్పారు, వారికి ఎవరు చెప్పారు, ఆ ఇద్దరూ కలుసుకొనే వీలున్నదా, చెప్పినవాని జ్ఞాపకశక్తి ఎలాంటిది, అతని నడత ఎలాంటిది, ఇలా ప్రతి రావీని తూచిన తర్వాతనే ముహద్దిసులు ఒక కథనాన్ని స్వీకరించారు. అందుకోసం వేలాది రావీల జీవిత చరిత్రలు సేకరించారు. అదే పద్ధతిని మన నానీ మాటకూ వర్తింపజేయండి. ఆమె కళ్ళారా చూసిందా, తల్లి చెప్పగా విన్నదా? అప్పటికి ఆమె వయసెంత? అదే సంఘటనను మరొక ఇంట్లో, వీలైతే ఒక హిందువుల ఇంట్లో, వేరుగా అడిగితే ఏమి చెప్పారు? ఆమె మాటను అనుమానించడం ఆమెను అవమానించడం కాదు. ఇమాం బుఖారీ ఎవరినీ అవమానించలేదు. ఖురాన్‌లోని నిసా సూరా 135వ ఆయతు సాక్ష్యం మనకే వ్యతిరేకమైనా, తల్లిదండ్రులకే వ్యతిరేకమైనా న్యాయం మీద నిలబడమని ఆదేశిస్తున్నది. రజాకార్ల గురించి మనం మాట్లాడేటప్పుడు, మనవాళ్ళ మీద జరిగిన దాని గురించి మాట్లాడేటప్పుడు, రెండు చోట్లా అదే కొలమానం.

ఇక కాగితాల సంగతి. రెవెన్యూ కార్యాలయాలలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ ఉంటుంది. ఆరేడేళ్ళ తర్వాతి దస్తావేజు అయినా, ఏ సర్వే నెంబరులో ఎవరు పట్టాదారు, ఎవరు కాస్తులో ఉన్నారో అది చెబుతుంది. అంతకుముందు సేత్వార్‌లో ఉన్న ముస్లిం పేర్లు ఖాస్రాలో ఎన్ని మిగిలాయో పోల్చి చూడండి. ఖాజీల దగ్గర సియాహాలు ఉంటాయి. 1948 శీతకాలంలో ఎన్ని నికాహ్‌లు జరిగాయి, వధువుల వయసు ఎంత, వితంతువుల పునర్వివాహాలు ఎన్ని అని లెక్కిస్తే, ఏ నాయకుని ఉపన్యాసమూ చెప్పని కథ ఆ అంకెలు చెబుతాయి. భయపడిన తల్లిదండ్రులు ఆడపిల్లలకు తొందరగా పెళ్ళిళ్ళు చేస్తారు. అలా జరిగిందో లేదో ఆ పుస్తకంలో తేలుతుంది. పాత బడుల హాజరు పట్టీలు చూడండి. ఆనాడు ప్రాథమిక పాఠశాలను మదర్సా తహ్తానియా అనేవారు. ఏ నెలలో పిల్లలు రావడం మానేశారు, మళ్ళీ ఎప్పుడు వచ్చారు? ఈ కాగితాలన్నీ ఉర్దూలో ఉంటాయి, తేదీలు ఫస్లీలో ఉంటాయి. 1948 సెప్టెంబరు 1357 ఫస్లీ కిందికి వస్తుంది, అక్టోబరు నుంచి 1358 మొదలవుతుంది. ఉర్దూ చదవగలిగిన తాతలకు, ఫోటో తీయగలిగిన మనుమలకు కలిసి చేయడానికి ఇంత మంచి పని మరొకటి దొరకదు. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్ళదలచినవారు ముందుగా అనుమతి పత్రం సిద్ధం చేసుకోండి. గోలకొండ పత్రిక, మీజాన్, రహ్బరె దక్కన్ పాత సంచికలు దొరికినచోటల్లా తిరగేయండి.

స్త్రీలను మరువకండి. దూదేకుల మనిషికి భార్య ఉంది, అతని దూదిని ఏకులు చుట్టింది ఆమె. స్త్రీ శక్తి సంఘటన వారు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ ప్రచురించారు. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ మాటల్లో చెప్పినది అది. అందులో జమాలున్నీసా బాజీ, రజియా బేగం గొంతులూ ఉన్నాయి. ఆ పుస్తకం చదవకుండా ఎవరూ టేపు రికార్డరు పట్టుకొని దాదీ ముందు కూర్చోవద్దు. ఎలా అడగాలో, ఎక్కడ ఆగాలో, మాట ఆగిపోయినప్పుడు ఎలా ఊరుకోవాలో అది నేర్పుతుంది. ముఖ్యంగా అపహరణల వంటి విషయాలు ఆమె తానుగా ఎత్తితే తప్ప మీరు ఎత్తకండి. ఎత్తినా అబ్బాయిలు గది బయట ఉండండి.

మన మనిషి 1948తో ఆగిపోడు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. రైతుకు అది మేలు. కాని జాగీర్ల కచేరీలలో చిన్న జీతాలకు పనిచేసినవారు, రద్దయిన నిజాం సైన్యంలోని సిపాయిలు, ఉర్దూ తప్ప మరో లిపి రాని గుమాస్తాలు రోడ్డున పడ్డారు. అతని తమ్ముడు అలాంటి జవానైతే ఆ ఇంటి పరిస్థితి ఊహించండి. ఒకరి కొద్దిపాటి జీతం పోయింది, మరొకరి విల్లుకు పని తగ్గింది. అతనికి 1948లో ఇరవై అయిదేళ్ళనుకుంటే, 1978 అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించేనాటికి యాభై అయిదేళ్ళు. రాత్రివేళ తలుపు చప్పుడైతే లేచి కూర్చునే అలవాటు అతనికి రెండుసార్లు వచ్చింది. అతని మనుమలు దుబాయికీ, సౌదీకీ వెళ్ళి ఉంటారు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ఇళ్ళలో ఇది ఎవరికీ వింత కాదు. ఆ వలసకు మొదటి కారణం కూలీయే. కాని సర్కారు ఉద్యోగం మనకు రాదులే అనే నిరాశ ఏ సంవత్సరం నుంచి ఇంట్లో మాటగా స్థిరపడిందో కూడా అడగండి. 2006లో సచార్ కమిటీ అంకెలలో చెప్పిన వెనుకబాటుకు ఒక ఇంటి చరిత్ర ఎలా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

పేరు చివరలో పెట్టండి. ఆ కాలపు మెట్‌పల్లి దూదేకుల మనిషికి కచ్చితంగా ఉండగల పేరు పెట్టాలంటే పాత కాగితాలలో కనీసం యాభై పేర్లు చూసి ఉండాలి. అంతవరకు అతణ్ణి ‘అతడు’ అనే పిలవండి.

చివరిగా పెద్దలను తేదీల గురించి అడిగే పద్ధతి. ముసలివారికి 1948 అంటే తెలియదు, సెప్టెంబరు అన్నా తెలియదు. పండుగలు తెలుసు. ఆ ఏడు ఒక విచిత్రం జరిగింది. జిల్హిజ్జా, ఆశ్వయుజం రెండూ ఒకే అమావాస్య తర్వాత మొదలయ్యాయి. అందువల్ల దసరా, బక్రీదు ఒకటి రెండు రోజుల తేడాతో అక్టోబరు మధ్యలో పక్కపక్కన వచ్చాయి. సైన్యం వచ్చి అప్పటికి నెల రోజులు. బతుకమ్మలు పేర్చిన వాకిళ్ళ మీదుగానే మన మనిషి ఈద్‌గాహ్‌కు నడిచి ఉంటాడు, నడిచి ఉంటే. కనుక వచ్చే ఆదివారం మీ దాదీ దగ్గర, మీ పక్కింటి అవ్వ దగ్గర కూర్చున్నప్పుడు పోలీస్ యాక్షన్ అనే మాటే ఎత్తకండి. ఈ రెండు ప్రశ్నలు అడిగి, ఆమె చెప్పినంతసేపూ వినండి. ఆ ఏడు సద్దుల బతుకమ్మకు మన వాడలో ఎవరెవరు ఆడారు? ఆ బక్రీదుకు మన ఇంట్లో ఖుర్బానీ అయిందా?